ఏడో అధ్యాయం: చెమ్మ పోయే దారి

కడప జిల్లాలో మా తాత కట్టించిన రాతి మిద్దె ఒకటి ఉంది. బండరాళ్ళు, వాటి మధ్య మట్టి అడుసు, పైన గార. నాన్న పోయిన ఏడాది ఆ ఇంటికి మరమ్మతు చేయించాను. ఆయన తిరిగిన ఇల్లు ఇక చెక్కుచెదరకూడదన్నది నా పట్టుదల. పెళ్ళలు ఊడుతున్న గారంతా చెక్కించి, లోపలా బయటా సిమెంటు పూయించాను. చూసినవాళ్ళందరూ ఇల్లు ఉక్కులా ఉందన్నారు.

రెండు వానాకాలాలు గడిచేసరికి గోడలు అడుగు నుంచి నడుమెత్తు దాకా చెమర్చాయి. సిమెంటు ఉబ్బి, తడితే బోలుగా మోగింది. తెల్లటి ఉప్పు పూసింది. దూలం గోడలోకి దిగినచోట చెక్క మెత్తబడింది. చిన్నప్పుడు మా తాత దగ్గర పని నేర్చుకున్న ముసలి బేల్దారి ఒకాయన వచ్చి, గోడను అరచేత్తో తడిమి చూసి, “గోడకు ముక్కూ నోరూ మూసేస్తిరే నాయనా! లోపలుండే చెమ్మ యాడికి పోతాది?” అన్నాడు.

ఆయన అన్నది గోడ గురించే అనుకున్నాను. నాన్న పోయాక నేను ఎవరి ముందూ కంట తడి పెట్టలేదు. పెద్దకొడుకును కదా, గట్టిగా ఉండాలనుకున్నాను. పనిలో పడ్డాను. ఆ రెండేళ్ళూ నిద్ర సరిగా లేదు, ఇంట్లో చిన్న మాటకు కూడా మండిపడేవాణ్ణి. గోడకూ నాకూ జరిగింది ఒకటేనని అర్థం కావడానికి ఇంగ్లండు ఉత్తరాన, కొండల మధ్య ఉన్న ఒక పాత రైతు ఇంటి దాకా వెళ్ళవలసి వచ్చింది. మాంచెస్టర్‌లో ఉండే మా తమ్ముడు నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు.

ఈ అధ్యాయం ఆ ఇంటి గోడలు, కప్పు, పొయ్యి గురించి. అవి నేర్పే ఒక్క పాఠం గురించి: చెమ్మ రాని ఇల్లు ఎక్కడా ఉండదు. వచ్చిన చెమ్మకు పోయే దారి ఉన్న ఇల్లే నిలుస్తుంది.

వాన కొండల్లో రైతు ఇల్లు

ఆ ప్రాంతం పేరు లేక్ డిస్ట్రిక్ట్. చెరువులు, లోయలు, గొర్రెలు మేసే ఎత్తైన కొండలు. 2017లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అక్కడి వాన గురించి ముందు చెప్పాలి. మన అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడి సీత్‌వైట్ అనే చిన్న పల్లెలో ఏటా 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. 2015 డిసెంబరులో వచ్చిన తుపానులో హానిస్టర్ కనుమ దగ్గర 24 గంటల్లోనే 341.4 మిల్లీమీటర్లు కురిసింది. మన దగ్గర చాలా ఊళ్ళకు అది ఏడాదిలో సగం వాన.

అలాంటి చోట ట్రౌట్‌బెక్ అనే పల్లెలో టౌనెండ్ అనే ఇల్లు ఉంది. 1626 ప్రాంతంలో కట్టింది. బ్రౌన్ అనే రైతు కుటుంబం తరతరాలుగా 1943 దాకా అక్కడే కాపురం ఉంది. ఆ వంశంలో చాలామంది పేరు జార్జ్. 1948 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దాన్ని కాపాడుతోంది. అది కోట కాదు, జమీందారు బంగళా కాదు. గొర్రెలు, ఓట్స్ పంట, ఎండుగడ్డి చూసుకుంటూ బతికిన కుటుంబం ఇల్లు. ఆ రైతులు పుస్తకాలు కూడా కొన్నారు, తరం తర్వాత తరం చదివి దాచారు.

అక్కడి చిన్న రైతులకు భూమి మీద వంశపారంపర్యపు హక్కు ఉండేది. రాజు, ప్రభువులు దాన్ని తీసేయాలని చూసినప్పుడు రైతులు కోర్టుకెక్కారు. 1625లో స్టార్ చాంబర్ కోర్టు కెండాల్ ప్రాంతపు రైతుల పక్షాన తీర్పు చెప్పింది. తర్వాతి వందేళ్ళలో ఆ లోయల్లో కర్ర ఇళ్ళ స్థానంలో రాతి ఇళ్ళు లేచాయి. ఈ నేల నా పిల్లలకు దక్కుతుందన్న నమ్మకం కుదిరినవాడే రాయితో కడతాడు.

ఇంటికి చోటు ఎంచుకోవడంలో కూడా ఆ లోయల రైతుల తెలివి కనిపిస్తుంది. లోయ అడుగున ఉన్న సారవంతమైన నేలను పొలానికి వదిలేశారు. చదును నేల ముగిసి కొండ వాలు మొదలయ్యేచోట, ఊట దగ్గరలో, గాలి మరుగున ఇల్లు కట్టారు. వరద పారే చోట ఇల్లు కట్టి, ఆ తర్వాత వరదతో యుద్ధం చేయలేదు.

నీరు పల్లమెరుగు

ఆ ఇళ్ళ కప్పును కాసేపు నిలబడి చూడండి. ఆకుపచ్చ ఛాయ ఉన్న పలకరాయి. అగ్నిపర్వతాల బూడిద కోట్ల ఏళ్ళ క్రితం గట్టిపడి ఏర్పడిన రాయి. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర మరీ చిన్నవి. ఇది అందం కోసమే చేసింది కాదు. గనిలో దొరికిన చిన్నాపెద్దా పలకలన్నీ వాడుకోవాలి, ఏదీ పారేయకూడదు. పైగా కప్పు మీద పడిన నీరంతా చివరికి చూరు దగ్గరికే చేరుతుంది. అక్కడ అతుకులు తక్కువ ఉండాలంటే పలకలు పెద్దవి ఉండాలి. బరువంతా గోడ మీదికి దిగడానికి కూడా అదే మేలు.

పొగగొట్టాలు గుండ్రంగా ఉంటాయి. దానికీ కారణముంది. ఆ పలకరాయితో సరైన మూలలు చెక్కడం కష్టం. మూలలే లేని ఆకారం కడితే ఆ బాధే లేదు. పొగగొట్టం మీద రెండు పలకలను ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. వాన లోపలికి పడదు, పొగ మాత్రం పక్కలనుంచి పోతుంది.

గోడల్లోనూ అంతే. తర్వాతి కాలపు ఇళ్ళలో చాలాచోట్ల ప్రతి రాయినీ బయటివైపు కాస్త కిందికి వాలేట్టు పేర్చారు. కంటికి తెలియనంత వాలు. గోడకు కొట్టిన వాన రాయి మీదుగా లోపలికి పాకకుండా బయటికే జారిపోతుంది. “నీరు పల్లమెరుగు” అని మనవాళ్ళు అన్నది అక్కడి మేస్త్రీ చేతికి తెలుసు. నీటిని ఆపాలని ఆయన చూడలేదు. దానికి పల్లం చూపించాడు.

మన రోజుల్లోనూ వాన పడుతుంది. ఆఫీసులో అన్యాయం, ఇంట్లో జబ్బు, పిల్లల చదువు దిగులు, బాకీలు. ఇవి నా మీద పడకూడదని మొక్కుకోవడం కంటే, పడినవి ఎటు పోవాలో ముందే నిర్ణయించుకోవడం మేలు. నేనిప్పుడు ఆఫీసు నుంచి నేరుగా ఇంట్లోకి వెళ్ళను. వీధి చివర వేపచెట్టు దగ్గర బండి ఆపి పది నిమిషాలు నడుస్తాను. ఆ పది నిమిషాలు నా చూరు. రోజంతా పడిన నీళ్ళు అక్కడ కారిపోతాయి, నడిల్లు పొడిగా ఉంటుంది. మీ చూరు ఏది? పూజగది కావచ్చు, పెరట్లో మొక్కలకు నీళ్ళు పోయడం కావచ్చు, రాత్రి పడుకునే ముందు రాసుకునే నాలుగు వాక్యాలు కావచ్చు. ఏదో ఒకటి ఉండి తీరాలి.

మెత్తనిదే కాపాడుతుంది

ఇంత చేసినా గోడలోకి కొంత నీరు దిగుతుంది. అక్కడి గోడ రెండడుగులకు పైనే మందం. లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి. పైన సున్నం, ఇసుక, సన్న గులకలు కలిపి విసిరికొట్టిన గరుకు పూత. దాని మీద తెల్లసున్నం.

సున్నం పూత నిండా కంటికి కనిపించని సన్న రంధ్రాలు. వాన వచ్చినప్పుడు అది కొంత తాగుతుంది. గాలి తోలి ఎండ రాగానే ఆ తడిని ఆవిరిగా వదిలేస్తుంది. నీటితో పాటు వచ్చే లవణాలు గట్టిపడినప్పుడు పొడిరాలేది పూతే. రాయికి ఏమీ కాదు. సన్నటి పగులు వస్తే వాన నీటిలో కరిగిన సున్నమే ఆ పగుల్లో మళ్ళీ పేరుకుని దాన్ని పూడ్చడం కూడా కద్దు. ఇల్లు నాలుగు వందల ఏళ్ళు నిలవడానికి రాయి గట్టిదనం ఎంత కారణమో, రాయి కంటే ముందు అరిగిపోవడానికి సిద్ధపడిన ఈ మెత్తటి పూత అంత కారణం.

సిమెంటు గుణం వేరు. 1824లో లీడ్స్ నగరపు మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. కొత్త కట్టడాలకు అది గొప్ప మేలు చేసింది. పాత రాతి గోడకు మాత్రం అది పనికిరాదు. పాత గోడ కాస్త కదులుతుంది, సిమెంటు కదలదు. అందుకే వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. వాటిలోంచి నీరు లోపలికి దిగుతుంది, బయటికి మాత్రం రాలేదు. చివరికి సిమెంటు నిలబడి, రాయి ముఖం పెచ్చులూడుతుంది. మా మిద్దె గోడల్లో చెమ్మ చిక్కుకున్నది ఇలాగే.

మన పాత మేస్త్రీలకు ఇది తెలియని సంగతి కాదు. ఎద్దు తిప్పే గానుగలో సున్నం, ఇసుక రోజుల తరబడి నూరేవారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. ఆ గానుగల రాతిచక్రాలు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో చెట్ల కింద పడి ఉన్నాయి. ఇంగ్లండు కొండల రైతుకూ మన రాయలసీమ బేల్దారికీ పరిచయం లేదు. అయినా రాయి ఇద్దరికీ ఒకే మాట చెప్పింది.

ఆలుమగలు వాదించుకున్నప్పుడు ముందు అరగవలసింది పంతం. అది అరిగితే రేపు మళ్ళీ పూసుకోవచ్చు. పంతం సిమెంటులా నిలబడితే పగిలేది బంధం. “పొరపాటు నాదే” అన్న మాట సున్నం పూత లాంటిది. కాస్త రాలుతుంది, లోపలి రాయిని కాపాడుతుంది. ఏడుపూ అంతే. మగవాడు ఏడవకూడదని మనకు ఎవరో సిమెంటు పూశారు. లోపలి తడి ఆగలేదు. కోపంగా, నిద్రలేమిగా, రక్తపోటుగా మరోచోట ఉబ్బింది.

కట్టురాయి

రెండు ముఖాల గోడకు ఒక ప్రమాదం ఉంది. కాలం గడిచేకొద్దీ మధ్యలో మట్టి కుంగి, రెండు ముఖాలూ విడిపోయి, గోడ కడుపు ఉబ్బినట్టవుతుంది. అందుకని మేస్త్రీ కొన్ని వరుసల్లో కొంత దూరానికొకటిగా పొడవాటి రాయిని అడ్డంగా పెడతాడు. అది లోపలి ముఖం నుంచి బయటి ముఖం దాకా పోతుంది. అక్కడివాళ్ళు దాన్ని ‘త్రూ’ అంటారు. మనం కట్టురాయి అందాం. కొండల మీద సున్నం, మట్టి ఏమీ లేకుండా పేర్చిన మైళ్ళ పొడవు ప్రహరీలు కూడా ఈ కట్టురాళ్ళ బలం మీదే నిలబడ్డాయి. కొన్నిచోట్ల వాటి కొనలు గోడ బయటికి పొడుచుకు వచ్చి కనిపిస్తాయి.

మనకూ రెండు ముఖాలు ఉంటాయి. లోకం చూసేది ఒకటి, ఇంట్లో దీపం ఆర్పాక మిగిలేది ఒకటి. రెండూ ఉండటం తప్పు కాదు. వాటిని కలిపే మనిషి ఒక్కరూ లేకపోవడం ప్రమాదం. మన బయటి మాటా తెలిసి, లోపలి భయమూ తెలిసిన మనిషి కట్టురాయి. వందమంది స్నేహితులు అక్కర్లేదు. గోడ పొడవునా అక్కడక్కడా ఒకరు చాలు.

టౌనెండ్‌లో ప్రధాన గదిని ‘ఫైర్‌హౌస్’ అంటారు, అంటే పొయ్యి ఉన్న ఇల్లు. మధ్యలో నడవ, అవతలి వైపు వంట, పనిపాట్లు జరిగే గది. ఆ పొయ్యి గదిలో నిలబడినప్పుడు మా తమ్ముడు, “అన్నా, నాన్న ఫోన్ నంబరు నేనింకా తీసెయ్యలేదు” అన్నాడు. రెండేళ్ళలో వాడు నాతో నాన్న గురించి మాట్లాడటం అదే మొదలు. నేను అడగలేదు గనుక వాడు చెప్పలేదు. నేను గట్టిగా కనిపించాను గనుక, చెప్పడానికి వాడికి చోటు దొరకలేదు. తిరుగు దారిలో కారు పక్కకు ఆపి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. నా గోడలో కట్టురాయి అప్పటికే ఉంది. దాని రెండో కొన నా లోపలికి రాకుండా నేనే అడ్డుపడ్డాను.

పొయ్యి పక్క అర

ఆ లోయల్లోని పాత రైతు ఇళ్ళలో పొయ్యి పక్కన గోడలోనే ఒక చిన్న అర ఉంటుంది. ఓక్ చెక్క తలుపు. దాని మీద చాలాసార్లు ఆ ఇంటి దంపతుల పేర్ల తొలి అక్షరాలు, కట్టిన సంవత్సరం చెక్కి ఉంటాయి. అందులో ఉప్పు, మసాలా దినుసులు పెట్టేవారు. అన్ని వానల మధ్య ఉప్పు చెమ్మగిల్లకుండా ఉండాలంటే ఇంట్లో ఎప్పుడూ వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. పొగగూడులో మాంసం వేలాడదీసి ఆరబెట్టేవారు. పొయ్యి వంటకే కాదు, ఇల్లంతటి చెమ్మను రోజూ కాస్త కాస్త లాగేసేదీ అదే.

మీ ఇంట్లో చెమ్మగిల్లకూడని ఉప్పు ఏది? పిల్లలతో కలిసి తినే రాత్రి అన్నమా, అమ్మతో ఆదివారం ఫోనా, సంగీతమా? దానిని మిగిలిన సమయంలో చూద్దామని మూలన పెడితే నీరుగారిపోతుంది. రోజులో అన్నిటికన్నా వెచ్చని వేళ దానికి ఇవ్వండి.

కొత్త గది ఎక్కడ కట్టాలి

ట్రౌట్‌బెక్‌కు కొన్ని మైళ్ళ దూరంలో, విండర్‌మియర్ సరస్సు అవతలి ఒడ్డున నియర్ సారీ అనే పల్లె ఉంది. అక్కడి హిల్ టాప్ అనే 17వ శతాబ్దపు రైతు ఇంటిని 1905లో ఒక రచయిత్రి కొన్నారు. ఆమె బియాట్రిక్స్ పాటర్. పీటర్ ర్యాబిట్ కథ రాసినావిడ. పెళ్ళి కుదిరిన మనిషి ఆ ఏడాదే చనిపోయాడు. ఆ దుఃఖంలో ఉండగానే ఆమె ఆ ఇంటికి వచ్చారు.

అక్కడ పొలం చూసే కుటుంబం ఒకటి అప్పటికే కాపురం ఉంది. ఆమె వాళ్ళను పంపేయలేదు. పాత ఇంటిని పడగొట్టలేదు. వాళ్ళ కోసం పక్కన కొత్త భాగం కట్టించి, పాత భాగాన్ని పాతగానే తన కోసం ఉంచుకున్నారు. ఆ కొత్త భాగం మీద 1906 అనే అంకె ఇప్పటికీ ఉంది. తర్వాతి ఏళ్ళలో గొర్రెల పెంపకం నేర్చుకున్నారు. ఒక్కొక్కటిగా పొలాలు కొన్నారు. 1943లో కన్నుమూసినప్పుడు 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్ట్‌కు వదిలి వెళ్ళారు.

దుఃఖం వచ్చినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు, మనం చేసే పెద్ద తప్పు పాతదంతా పడగొట్టాలనుకోవడం. ఊరు మార్చేయాలి, మనుషులను మార్చేయాలి, నేనే వేరే మనిషినైపోవాలి అనుకుంటాం. పాత గది పక్కన ఒక కొత్త గది చాలు. ఒక కొత్త పని, ఒక కొత్త నేర్పు. పాత పొయ్యి అక్కడే వెలగనివ్వండి.

ఏటేటా సున్నం

1877లో విలియం మోరిస్ అనే కవి, కళాకారుడు మిత్రులతో కలిసి పాత కట్టడాల రక్షణకు లండన్‌లో ఒక సంఘం పెట్టాడు. పాతదాన్ని కొత్తదానిలా చేసేయాలన్న ఆవేశం మీద ఆయన పోరాటం. ఆ సంఘం చెప్పిందేమిటంటే, కట్టడం కూలేదాకా ఆగి పెద్ద మరమ్మతు చేయడం కన్నా రోజూ కాస్త కనిపెట్టుకుని ఉండటం మంచిది. జారిన పలకను ఈ రోజే సరిచేస్తే రేపు దూలం కుళ్ళదు.

మన ఇళ్ళలో అది సంక్రాంతి పని. పండక్కి ముందు ఇంటికి సున్నం వేయడం. చిన్నప్పుడు నాన్న బక్కెట్టులో సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, కుంచె నా చేతికి ఇచ్చేవాడు. నిరుడు వేసిన సున్నం ఎందుకు రాలిందని ఆయన ఎన్నడూ విసుక్కోలేదు. రాలుతుందనే కదా ఏటా వేసేది.

ఈ నెల చేయవలసినవి

మీకు పాత రాతి ఇల్లు ఉంటే:

1. వాన పడుతుండగా బయటికి వచ్చి ఇంటి చుట్టూ నడవండి. నీరు ఎక్కడ కారుతోందో, ఎక్కడ నిలుస్తోందో ఎండలో తెలియదు.
2. గోడ మొదట్లో చేరిన మట్టిని, రాళ్ళకుప్పను తీయించండి. బయటి నేల లోపలి గచ్చు కన్నా దిగువన ఉండాలి.
3. అతుకుల్లో, కప్పు మీద మొలిచిన రావి, మర్రి మొక్కలను చిన్నగా ఉన్నప్పుడే వేళ్ళతో సహా తీయించండి.
4. సిమెంటు పూయించే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తేలేదాకా ఏ పూతా వద్దు.
5. తడిసిన గోడ ఆరడానికి నెలలు పడుతుంది. తొందరపడి రంగు వేయకండి.

మీ కోసం:

1. కష్టమైన రోజు ముగిశాక మీరు ఏం చేస్తున్నారో వారం పాటు రాయండి. అరవడం, ఫోను చూస్తూ కూర్చోవడం, మౌనం, ఏదైనా సరే. మీ గోడ ఎక్కడ చెమర్చుతోందో తెలుస్తుంది.
2. రోజుకు పది నిమిషాల చూరు ఏర్పరచుకోండి.
3. కట్టురాయి అనదగ్గ ఒకరి పేరు రాయండి. ఆ మనిషికి ఈ వారం ఫోను చేసి, బాగున్నానన్న మాటతో కాకుండా నిజంతో మొదలుపెట్టండి. పేరేదీ తోచకపోతే, ఒకరికి మీరే కట్టురాయి కండి. అక్కడినుంచి మొదలవుతుంది.
4. నెలల తరబడి నిద్ర లేకపోతే, బతుకు మీద ఆశ సన్నగిల్లితే డాక్టరును కలవండి. కుంగిన గోడకు మేస్త్రీని పిలవడం ఎంత మామూలో ఇదీ అంతే.

మా మిద్దె గోడల మీది సిమెంటును ఆ ముసలి బేల్దారే దగ్గరుండి ఒలిపించాడు. వెంటనే గార వేయలేదు. “ముందు ఆరనీ నాయనా” అన్నాడు. ఒక వేసవి అంతా ఆ గోడలు రాళ్ళు బయటపడి, చూడటానికి వికారంగా, మెల్లగా ఆరుతూ ఉన్నాయి. నేనూ తమ్ముడూ ప్రతి ఆదివారం ఫోనులో నాన్న గురించి మాట్లాడుకున్నది ఆ వేసవే. తర్వాత గార వేశాం. ఈ సంక్రాంతికి సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, కుంచె మా వాడి చేతికి ఇచ్చాను. వాడు ఒక గోడ ముగించి, “ఇది మళ్ళీ రాలిపోతుందా నాన్నా?” అని అడిగాడు.

రాలుతుందిరా, మళ్ళీ వేద్దాం అన్నాను.